పట్టణ ప్రణాళికలో డిగ్రీ అప్రెంటిస్: బరంపురంలోనే చేరడమా, హైదరాబాదు వెళ్ళడమా?

ప్రశ్న
పంపినవారు: పెద్దబజారు విద్యార్థిని

నమస్కారం. మాది గంజాం జిల్లా బరంపురం. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, బజారులో ఒడియా మాట్లాడుతూ పెరిగాను. ప్లస్ టూ తర్వాత జేఈఈ మెయిన్‌లో ప్లానింగ్ పేపరు రాసి, ఆంధ్రప్రదేశ్‌లోని ఒక కళాశాలలో బ్యాచిలర్ ఆఫ్ ప్లానింగ్ కోర్సులో చేరాను. ఇప్పుడు మూడో సంవత్సరం ముగియవస్తోంది. నాలుగో సంవత్సరంలో రెండు సెమిస్టర్ల పాటు ఏదైనా కార్యాలయంలో డిగ్రీ అప్రెంటిస్‌గా పనిచేయవచ్చుననీ, ఆ పనికి క్రెడిట్లు కూడా లెక్కిస్తామనీ కళాశాలవారు చెప్పారు. నాకు రెండు అవకాశాలు కనబడుతున్నాయి. ఒకటి మా జిల్లాలోనే పట్టణ ప్రణాళిక పనులు చూసే ఒక ప్రభుత్వ కార్యాలయం. రెండవది హైదరాబాదులో మాస్టర్ ప్లాన్లు తయారుచేసే ఒక ప్రైవేటు కన్సల్టెన్సీ.

మా నాన్నగారికి పెద్ద బజారులో బట్టల దుకాణం ఉంది. నెలకు తొమ్మిది వేల రూపాయల స్టైపెండ్ అని విన్నప్పటి నుంచి ఆయన, “మన కొట్లో గుమస్తాకు ఇచ్చేదానికన్నా తక్కువ తెచ్చుకోవడానికా ఇంత చదువు?” అని అడుగుతున్నారు. ఇంగ్లండులోని లీడ్స్‌లో ఉన్న మా పిన్నిగారి అబ్బాయి మాత్రం అక్కడ డిగ్రీ అప్రెంటిస్ అంటే జీతమున్న ఉద్యోగమేననీ, చదువుకు ఫీజు కూడా కట్టనక్కరలేదనీ చెబుతున్నాడు. ఇక్కడ చట్టప్రకారం అప్రెంటిస్ స్థానమేమిటో, ప్రణాళికా కార్యాలయంలో నిజంగా ఏ పని చేయిస్తారో, ఒడియా చదవడం అంతంతమాత్రంగా వచ్చిన నాకు సొంత జిల్లాలో చేరడం మేలో కాదో అనుభవమున్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను. రేపు ప్రభుత్వ ఉద్యోగానికి ఈ ఏడాది ఏ మేరకు పనికి వస్తుందన్నది కూడా తెలుసుకోవాలని ఉంది.


జవాబు
పంపినవారు: పాత నక్షా

అమ్మా, ముందు మీ నాన్నగారి ప్రశ్ననే తీసుకుంటాను. ఇంట్లో అది తేలకపోతే మిగిలినవేవీ ముందుకు సాగవు.

మన దేశంలో అప్రెంటిస్ వ్యవహారమంతా 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద నడుస్తుంది. ఆ చట్టం అప్రెంటిస్‌ను శిక్షణ పొందే వ్యక్తిగానే పరిగణిస్తుంది గాని కార్మికుడిగానో ఉద్యోగిగానో పరిగణించదు. అందుచేత మీకు వచ్చేది జీతం కాదు, స్టైపెండ్; శిక్షణ ముగిశాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న బాధ్యత కూడా ఆ సంస్థపై ఉండదు. చదువు కొనసాగుతుండగా, పాఠ్యక్రమంలో అంతర్భాగంగా శిక్షణ పొందేవారిని డిగ్రీ అప్రెంటిస్‌లు అని 2019 నాటి నియమాల సవరణ ప్రత్యేకంగా పేర్కొని, పట్టభద్రులతో సమానంగా నెలకు కనీసం 9,000 రూపాయలు నిర్ణయించింది. 2025 మే నెలలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి స్టైపెండ్లను 36 శాతం పెంచాలని, అంటే అప్పటి 5,000 నుంచి 9,000 వరకున్న శ్రేణిని 6,800 నుంచి 12,300కు తీసుకుపోవాలని సిఫారసు చేసింది. కాబట్టి ఒప్పందం చేసుకునే నాటికి అమలులో ఉన్న అంకె ఏదో కేంద్ర ప్రభుత్వపు అప్రెంటిస్ వెబ్‌సైటు అయిన నాట్స్ పోర్టల్‌లో చూసుకుని అప్పుడు మాట్లాడండి. అది కనీస మొత్తం మాత్రమే; అంతకు మించి ఇవ్వదలచిన సంస్థకు అడ్డేమీ లేదు. పైగా ఆ కనీస మొత్తంలో సగం దాకా కేంద్ర ప్రభుత్వమే భరిస్తుంది గనుక, “మా దగ్గర నిధులు లేవు” అని ఎవరైనా అంటే ఆ మాటను సగానికి తగ్గించి వినవచ్చు. గుమస్తా జీతంతో పోల్చడం కంటే, ఇంట్లో తిని ఇంట్లో పడుకుంటూ వచ్చే తొమ్మిది వేలకూ, హైదరాబాదులో హాస్టలుకే సరిపోయే తొమ్మిది వేలకూ ఉన్న తేడాను నాన్నగారికి చూపించండి. వ్యాపారస్తులకు ఆ లెక్క త్వరగా అర్థమవుతుంది.

ఇంకొక సంగతి. మీ కళాశాల ఆంధ్రలో ఉంది, కార్యాలయం ఒడిశాలో ఉంటుంది. ఆంధ్ర, తెలంగాణ సంస్థల వ్యవహారం చెన్నైలోని దక్షిణ ప్రాంత అప్రెంటిస్‌షిప్ శిక్షణ మండలి చూస్తుంది. ఒడిశా సంస్థలు కోల్‌కతాలోని తూర్పు ప్రాంత మండలి పరిధిలోకి వస్తాయి. సంస్థ ఏ రాష్ట్రంలో ఉంటే ఆ ప్రాంతపు మండలితోనే పని గనుక, మీ కళాశాలలో ఈ వ్యవహారం చూసే అధ్యాపకునికి ఈ విషయం ముందే గుర్తుచేయండి. సరిహద్దు జిల్లాల పిల్లల దరఖాస్తులు ఇటువంటి చోటనే ఆగిపోతుంటాయి.

ఇక పని. నేను ఒడిశాలో ప్రణాళికా కార్యాలయాల్లో చాలాకాలం పనిచేసినవాడిని; కాబట్టి ఇది కొంచెం విస్తరించి చెబుతాను.

మొదటి కొన్ని వారాలు మీకు విసుగు పుడుతుంది. పాత ఫైళ్ళు స్కాన్ చేయడం, దరఖాస్తుల వివరాలు కంప్యూటరులో ఎక్కించడం, పెద్ద పటాలను జిరాక్సు కొట్టుకు మోసుకుపోయి తేవడం వంటివే చెబుతారు. ఆ తర్వాత పునాది పటం (బేస్ మ్యాప్) పని వస్తుంది. ఒడిశాలో మౌజా షీట్లు, అంటే రెవెన్యూ గ్రామాల పటాలు, ఒక మైలుకు పదహారు అంగుళాల లెక్కన, అంటే 1:3960 స్కేలులో గీసినవి. కాలక్రమాన ఆ కాగితాలు సాగాయి, మడతల దగ్గర చిరిగాయి, కొన్నిటికి చెమ్మ పట్టి అంచులు కుంచించుకుపోయాయి. వాటిని స్కాన్ చేసి ఉపగ్రహ చిత్రం మీద సరిపోల్చి కూర్చోబెట్టేటప్పుడు, షీటు ఒక మూల సరిపోతే రెండో మూల పక్కవారి పొలంలోకి పోతుంది. అప్పుడు మూడు గ్రామాల పొలిమేరలు కలిసేచోట పాతిన రాయిని వెదుక్కుంటూ అమీన్‌ను (భూమి కొలిచే ఉద్యోగిని) వెంటబెట్టుకుని వెళ్ళాలి. రాయి దొరికితే అదృష్టం. ఒక్కొక్కచోట దాని మీద గోడ కట్టేసి ఉంటారు. పటాలు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఎంత బాగా వచ్చినా ఈ పని కుర్చీలో కూర్చుని నేర్చుకునేది కాదు.

తర్వాతది భూవినియోగ సర్వే. నివాసానికి పసుపు, వాణిజ్యానికి నీలం, పరిశ్రమకు ఊదా, ప్రభుత్వ సంస్థలకు ఎరుపు, పార్కులకు ఆకుపచ్చ, రవాణాకు బూడిద రంగు అని కేంద్రం వారి పట్టణ ప్రణాళికా మార్గదర్శకాల్లో (యూఆర్‌డీపీఎఫ్‌ఐ) మీరు చదువుకునే ఉంటారు. ఇప్పుడు మన ఊరి పట్టు నేతవారి వీధిలోకి వెళ్ళండి. ముందు గదిలో మగ్గం, వెనుక వంటిల్లు, మేడ మీద అద్దెకున్న కుటుంబం, అరుగు మీద చిన్న కిరాణా పెట్టె. ఆ ఇంటికి ఏ రంగు వేస్తారు? పసుపు వేస్తే మగ్గం పటంలో లేకుండా పోతుంది; రేపు నిబంధనల ప్రకారం ఆ వీధిలో మగ్గం శబ్దం అభ్యంతరకరమని ఎవరైనా ఫిర్యాదు చేస్తే నేతగాడికి ఆధారం ఉండదు. ఊదా వేస్తే ఆ ఇల్లు పరిశ్రమ అయిపోయి, దానికి వర్తించే షరతులు వేరవుతాయి. మిశ్రమ వినియోగం అని రాసి, ఏ అంతస్తులో ఏమున్నదో విడివిడిగా నమోదు చేయడమే సరైన పని. కాని అది ఒక్కొక్క ఇంటి తలుపూ తట్టి అడిగినవారికే సాధ్యం. ఇటువంటి వీధిలో తెలుగులో పలకరించగలిగిన సర్వేయరుకూ పలకరించలేనివారికీ వచ్చే సమాచారంలో తేడా ఎంత ఉంటుందో మీకు మొదటి పూటనే తెలిసిపోతుంది.

నీటి వనరుల సంగతి మరింత జాగ్రత్తగా చూడాలి. రామలింగం చెరువు వంటివి అందరికీ తెలుసు. చిన్న కుంటల దగ్గరే పొరపాట్లు జరుగుతాయి. మే నెలలో తీసిన ఉపగ్రహ చిత్రంలో ఎండిపోయిన కుంట ఖాళీ స్థలంలా కనబడుతుంది. రెవెన్యూ రికార్డులో దాని కిసం (భూమి రకం) జలాశయమని రాసి ఉందేమో చూడకుండా పటం మీద ఖాళీ స్థలమని గుర్తిస్తే, కొన్నేళ్ళకు అక్కడ లేఅవుట్ వేస్తారు, వానాకాలంలో ఆ ఇళ్ళలోకి నీళ్ళు వస్తాయి. అందుకే నేను కొత్తవారికి ఘరబారి (ఇంటి స్థలం), శారద (వరి పొలం), గోచర్ (పశువుల మేత భూమి), జలాశయ అన్న నాలుగు కిసములైనా ఒడియా లిపిలో గుర్తుపట్టడం నేర్చుకొమ్మని చెబుతాను. మీకు ఒడియా మాట్లాడడం వచ్చును కాబట్టి, చదవడం రెండు నెలల్లో పట్టుబడుతుంది. భయపడనక్కరలేదు.

ఈ ప్రాంతంలో తెలుగు వచ్చినవారికి ఇంకొక ప్రయోజనం కూడా ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం అయ్యేంతవరకు గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. ఆనాటి దస్తావేజులు కొన్ని కుటుంబాల దగ్గర తెలుగులోనే ఉన్నాయి. వాటిలో ప్లాటు నంబరు ఉండదు. తూర్పున ఫలానావారి దొడ్డి, దక్షిణాన రాజవీధి అని చెక్కుబందీ మాత్రం ఉంటుంది. వీధి వెడల్పు మీద వివాదం వచ్చినప్పుడు ఆ చెక్కుబందీని చదివి, నేటి షీటు మీద వేలు పెట్టి చూపగలిగినవారికి కార్యాలయంలో గౌరవం దానంతటదే వస్తుంది.

నన్ను అడిగితే, మొదటి శిక్షణకు సొంత జిల్లాయే మంచిది. పటం మీద గీసిన గీత నేల మీద ఎవరి గోడకు తగులుతుందో తెలుసుకోవడమే ఈ వృత్తికి అక్షరాభ్యాసం. అది తెలియని ఊరిలో కన్నా తెలిసిన ఊరిలో త్వరగా జరుగుతుంది.


జవాబు
పంపినవారు: రెండో అంతస్తు కన్సల్టెంట్

పై జవాబులోని విషయాలతో నాకు పేచీ లేదు గాని, తీర్మానంతో ఏకీభవించలేను. నేను రాయగడ జిల్లావాడిని. శిక్షణ ప్రభుత్వ కార్యాలయంలోనూ, ఉద్యోగం ప్రైవేటు కన్సల్టెన్సీలోనూ చేశాను, చేస్తున్నాను.

నేను శిక్షణ పొందిన కార్యాలయం పేరు చెప్పను. అక్కడ ప్లానరు పోస్టు ఖాళీగా ఉండేది. వేరే శాఖ నుంచి వచ్చిన ఇంజనీరు అదనపు బాధ్యతగా సంతకాలు పెట్టేవారు. ఆయన మంచివారే, కాని నేర్పడానికి ఆయనకు తీరిక ఉండేది కాదు. దాదాపు శిక్షణాకాలమంతా నేను ఇంటి ప్లాన్ల దరఖాస్తుల్లో సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలవలసిన ఖాళీ), ఎత్తు, పార్కింగ్ సరిపోయాయో లేదో టిక్కులు పెడుతూ గడిపాను. 2020 నాటి ఒడిశా ప్రణాళిక, భవన ప్రమాణాల నియమావళి కంఠస్థమయింది; అంతకుమించి నేర్చుకున్నది తక్కువ. కన్సల్టెన్సీలో చేరాక మాత్రమే జనాభా అంచనాలు, ట్రాఫిక్ లెక్కింపు, ఆర్థిక విశ్లేషణ, ముసాయిదా నివేదిక రాయడం వంటివన్నీ ఒక్క ప్రాజెక్టులో మొదటి నుంచి చివరి దాకా చూడగలిగాను. కేంద్రం వారి అమృత్ పట్టణాభివృద్ధి పథకం కింద పట్టణాల మాస్టర్ ప్లాన్లను జీఐఎస్ (కంప్యూటరు పటాల వ్యవస్థ) ఆధారంగా తయారుచేసే పనుల్లో కన్సల్టెన్సీలకు పెద్ద పాత్ర ఉంది. బరంపురం కూడా ఆ పథకంలోని పట్టణమే. అంటే మీ ఊరి పటం మీద పనిచేసే అవకాశం మీ ఊరి బయట కూడా ఉండవచ్చును.

సొంత ఊరు వద్దనడానికి నాకు మరొక కారణం ఉంది. బైపాసు ఎటు పోతుంది, ఏ మౌజా నివాస ప్రాంతంలోకి వస్తుంది అన్న మాట ముసాయిదా ప్రచురణకు ముందే బయటికి పొక్కితే భూముల ధరలు మారిపోతాయి. మీ నాన్నగారు వ్యాపారంలో ఉన్నారు. ఆయన దుకాణానికి వచ్చేవారిలో స్థలాల బ్రోకర్లు ఉండకపోరు. “అమ్మాయి అక్కడే పనిచేస్తోందట గదా, ఒక్క మాట అడిగి చెప్పండి” అని వారు మొహమాటపెడతారు. మీరు ఏమీ చెప్పకపోయినా, ఆ మౌజాలో మీ బంధువు ఎవరైనా అదే సమయంలో స్థలం కొంటే వేలు మీవైపే చూపుతుంది. చేరదలిస్తే, మీ కుటుంబానికి ఆ ప్రణాళికా ప్రాంతంలో ఏయే ఆస్తులున్నాయో మొదటి రోజునే రాసి ఇచ్చి, ఆ మౌజాల పని మీకు అప్పగించవద్దని అడగండి. ఎవరూ అడగకపోయినా మీరే ఇవ్వండి.


జవాబు
పంపినవారు: లీడ్స్ దారిలో

బ్రిటన్ సంగతి ప్రశ్నలో ప్రస్తావించారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. మీ పిన్నిగారి అబ్బాయి చెప్పినది అక్కడికి నిజమే. ఇంగ్లండులో చార్టర్డ్ టౌన్ ప్లానర్ అప్రెంటిస్‌షిప్ ఏడో స్థాయిది, అంటే మాస్టర్స్ డిగ్రీకి సమానమైనది. అప్రెంటిస్ స్థానిక కౌన్సిల్‌లోనో, కన్సల్టెన్సీలోనో ఉద్యోగ ఒప్పందం మీద చేరి జీతం తీసుకుంటాడు. సాధారణంగా వారంలో ఒక రోజు విశ్వవిద్యాలయ చదువుకు పోతుంది. ట్యూషన్ ఫీజు అతడు కట్టడు. పెద్ద యజమానులు తమ జీతాల పద్దు మీద చెల్లించే అప్రెంటిస్‌షిప్ లెవీ 2017 నుంచి అమలులో ఉంది, ఆ డబ్బే ఇందుకు ఉపయోగపడుతుంది. చివర్లో 1914లో ఏర్పడిన రాయల్ టౌన్ ప్లానింగ్ ఇన్‌స్టిట్యూట్ సభ్యత్వానికి అది దారి.

కాని అది ఇండియా నుంచి దరఖాస్తు పెట్టుకుని వెళ్ళగలిగే కోర్సు కాదు. అక్కడ పనిచేసే హక్కూ, సాధారణంగా మూడేళ్ళ ముందస్తు నివాసమూ ఉండాలి. విద్యార్థి వీసా మీద వెళ్ళినవారికి వర్తించదు. పైగా 2026 జనవరి నుంచి ఏడో స్థాయి కోర్సులకు ఆ నిధులను చాలావరకు చేరేనాటికి 22 ఏళ్ళు నిండనివారికే పరిమితం చేశారు.

పని స్వభావంలో కూడా తేడా ఉంది. అక్కడ 1947 నాటి పట్టణ, గ్రామీణ ప్రణాళిక చట్టం వచ్చినప్పటి నుంచి, నిర్మాణం చేపట్టాలంటే ఒక్కొక్క దరఖాస్తునూ స్థానిక ప్రణాళికతో, ఇతర పరిస్థితులతో తూచి, అనుమతి ఇవ్వవచ్చునా లేదా అని అధికారి వాదనతో కూడిన నివేదిక రాస్తాడు. అందుచేత అక్కడి అప్రెంటిస్ ముందుగా నేర్చేది రాయడం. మన దగ్గర జోను, నియమావళి ముందే నిర్ణయించి ఉంటాయి. అప్రెంటిస్ ముందుగా నేర్చేది కొలవడం. మీ బంధువు అనుభవాన్ని మీ ఎంపికకు కొలబద్దగా పెట్టుకోకండి.


జవాబు
పంపినవారు: పర్లాకిమిడి వాసి

ప్రభుత్వ ఉద్యోగం గురించి అడిగారు. నీతి ఆయోగ్ 2021 సెప్టెంబరులో పట్టణ ప్రణాళికా సామర్థ్యంపై వెలువరించిన నివేదికను ఒకసారి చదవండి. దేశంలోని 7,933 పట్టణ ఆవాసాల్లో సుమారు 65 శాతానికి మాస్టర్ ప్లానే లేదనీ, రాష్ట్రాల పట్టణ ప్రణాళికా శాఖల్లో మంజూరైన 3,945 ప్లానర్ పోస్టుల్లో 42 శాతం ఖాళీగా ఉన్నాయనీ, చాలా రాష్ట్రాల్లో టౌన్ ప్లానర్ ఉద్యోగానికి ప్లానింగ్ చదువే తప్పనిసరి అర్హత కాదనీ ఆ నివేదిక చెప్పింది. రెండో అంతస్తు మిత్రుడికి ఇంజనీరు అదనపు బాధ్యతలో దొరకడం వింతేమీ కాదన్నమాట. మీకు ఇందులో ఆశ ఉంది, హెచ్చరికా ఉంది: అవసరం పెద్దది, భర్తీ మాత్రం నింపాదిగా సాగుతుంది.

ఒడిశాలో అసిస్టెంట్ టౌన్ ప్లానర్ వంటి పోస్టులకు ప్రకటన వచ్చినప్పుడు, ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం వచ్చి ఉండాలనీ, ఏడో తరగతి స్థాయిలోనైనా ఒడియా పరీక్ష ఉత్తీర్ణులై ఉండాలనీ షరతు ఉంటుంది. మన తెలుగు కుటుంబాల పిల్లలు చాలామంది ఇంగ్లీషు మాధ్యమంలో చదివి, ఒడియాకు బదులు మరో భాష తీసుకుని, ఉద్యోగ ప్రకటన వచ్చాక ఈ ధ్రువపత్రం కోసం పరుగులు పెడతారు. మీ మార్కుల పత్రాల్లో ఒడియా ఉన్నదో లేదో ఈ రోజే చూసుకోండి. ఆంధ్రప్రదేశ్‌వైపు చూస్తే, 2019లో వార్డు సచివాలయాలు ఏర్పడినప్పుడు ప్లానింగ్, రెగ్యులేషన్ కార్యదర్శులను కూడా నియమించారు. అయితే అక్కడి నియామకాల్లో స్థానికత నిబంధన ఉంటుంది. ఆంధ్రలో డిగ్రీ చదివినంత మాత్రాన స్థానికులమైపోయామనుకోకండి. బడి చదువు ఎక్కడ సాగిందన్నది చూస్తారు.

ఎక్కడ చేరినా అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: మిమ్మల్ని పర్యవేక్షించే వ్యక్తి ప్లానింగ్ చదివినవారా, భారత పట్టణ ప్రణాళికా సంస్థలో సభ్యులా? స్టైపెండు కన్నా ముందు ఇది తేల్చుకోండి. నేను ఊరు ముఖ్యమనీ అనను, జీతం ముఖ్యమనీ అనను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా గజపతి జిల్లాను దెబ్బతీసినప్పుడు, కొండవాలు మీద ఎక్కడ ఇల్లు కట్టకూడదో చెప్పగలిగిన మనిషి మా చుట్టుపక్కల ఒక్కరైనా ఉంటే బాగుండునని అనుకున్నవాళ్ళలో నేనొకడిని. ఇక్కడి నేల తెలిసినవారు ఇక్కడ పనిచేయాలన్న పక్షపాతం నాకు ఉన్నదని దాచుకోను.


ప్రశ్న కొనసాగింపు
పంపినవారు: పెద్దబజారు విద్యార్థిని

అందరికీ కృతజ్ఞతలు. ఒడియా ఎనిమిదో తరగతి దాకా పాఠ్యాంశంగా ఉండేది. మార్కుల పత్రం దొరికింది. కార్యాలయానికి వెళ్ళి అడిగితే, పర్యవేక్షించే అధికారి ప్లానింగ్‌లోనే పట్టభద్రులని తెలిసింది. అయితే వారు పోర్టల్ ఒప్పందం తమకు అలవాటు లేదనీ, ఇంటర్న్‌గా చేర్చుకుని చివర్లో ధ్రువపత్రం ఇస్తామనీ అంటున్నారు. ఇంటర్న్ అన్నా, అప్రెంటిస్ అన్నా ఒకటేనా? ఒప్పందం కుదిరితే అందులో ఏ పనులు రాయించుకోవాలి?


జవాబు
పంపినవారు: పాత నక్షా

ఒకటి కాదమ్మా. ఇంటర్న్‌షిప్‌కు వేరే దారి ఉంది. పట్టణ స్థానిక సంస్థల్లో కొత్త పట్టభద్రుల కోసం కేంద్రం 2020 జూన్‌లో తులిప్ అనే కార్యక్రమం ప్రారంభించింది. అది ఎనిమిది వారాల నుంచి ఏడాది వరకు ఉంటుంది, చదువు ముగిసినవారికి వర్తిస్తుంది. మీరు ఇంకా చదువుతున్నారు, మీకు క్రెడిట్లు కావాలి. అప్రెంటిస్ చట్టం కింద ఒప్పందం నమోదైతే స్టైపెండుకు, పనివేళలకు, సెలవులకు, పనిలో దెబ్బ తగిలితే నష్టపరిహారానికి చట్టం ఆధారం ఉంటుంది. ఎండలో, రోడ్డు మీద, మురుగు కాలువల పక్కన సర్వే చేసే పనికి ఆఖరి అంశం చిన్నది కాదు. ఉత్త లేఖతో చేరితే ఇవేవీ ఉండవు. ముప్పై మంది గాని అంతకు పైగా గాని పనిచేసే సంస్థలు మొత్తం సిబ్బందిలో రెండున్నర నుంచి పదిహేను శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలని నియమాలు చెబుతున్నాయి. కాబట్టి మీరు వారిని కొత్త ఉపకారమేదీ అడగడం లేదు. కళాశాల నుంచి ప్రిన్సిపాల్ సంతకంతో లేఖ తీసుకువెళ్ళి, పోర్టల్‌లో సంస్థ నమోదు ఎలా చేయాలో కాగితం మీద వరుసగా రాసి ఇవ్వండి. గుమాస్తాగారి పక్కన కూర్చుని మీరే నింపడంలో సాయపడండి. ప్రభుత్వ కార్యాలయంలో “అలవాటు లేదు” అన్న మాటకు సగం అర్థం “ఎవరు టైపు చేస్తారు?” అని.

పనుల విషయానికి వస్తే, రెండో అంతస్తు మిత్రుడు చెప్పిన టిక్కుల పని మిమ్మల్ని మింగకుండా ఒప్పందంలోని శిక్షణ ప్రణాళికలో మూడు విషయాలు పేరు పెట్టి రాయించుకోండి. క్షేత్రస్థాయి భూవినియోగ సర్వే ఒకటి. రెండవది, ఏదో ఒక ప్రాంతానికి పునాది పటం మొదటి నుంచి చివరి దాకా తయారుచేయడం. మూడవది అభ్యంతరాల విచారణ. ఈ మూడోదాన్ని విద్యార్థులు అడగరు, నేర్పేవారూ తక్కువ. 1982 నాటి ఒడిశా అభివృద్ధి సంస్థల చట్టం కింద ముసాయిదా ప్రణాళిక ప్రచురించాక ప్రజల నుంచి అభ్యంతరాలు, సూచనలు తీసుకుంటారు. ఒక్కొక్క అర్జీకీ మౌజా, ప్లాటు నంబరు, ముసాయిదాలో ప్రతిపాదించిన వినియోగం, నేల మీద ఉన్న వినియోగం, అర్జీదారు కోరిక, కార్యాలయం అభిప్రాయం అని పట్టిక కట్టాలి. ఆ పట్టిక కట్టినవారికి, తరగతిలో గీసిన అందమైన రంగుల పటం ఒక రైతు కంటికి ఎలా కనబడుతుందో తెలుస్తుంది. మీరు ఉన్న ఏడాదిలో కొత్త ముసాయిదా రాకపోయినా, పాత విచారణ రిజిస్టరు ఒకటి తీసి చదివే అనుమతి అడగండి.

సాధ్యమైతే గోపాలపురం వైపు ఒక చిన్న అధ్యయనం మీ క్రెడిట్లకు కలుపుకోండి. ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12 రాత్రి తీరం దాటింది అక్కడే. తుపాను ఆశ్రయ భవనాలకు పోయే దారుల వెడల్పు రికార్డులో ఒకటి ఉంటుంది. అరుగులు, మెట్లు, కరెంటు స్తంభాలు, నిలిపి ఉంచిన బండ్లు పోగా మిగిలేది వేరు. టేపు పట్టుకుని, ప్రతి మలుపు దగ్గరా కొలిచి, ఫైరింజను తిరగగలదా లేదా అని గుర్తించిన పటం ఒకటి తయారైతే, అది మీ ప్రాజెక్టు నివేదికకూ, కార్యాలయానికీ ఒకే శ్రమతో పనికి వస్తుంది.

రోజువారీ నమోదు పుస్తకం తప్పనిసరిగా పెట్టుకోండి. “ఫైల్ వర్క్” అని రాయవద్దు. ఏ మౌజా, ఏ షీటు, ఏ పని, ఎవరు చూపించారు అని రాసి వారానికొకసారి అధికారి సంతకం తీసుకోండి. క్రెడిట్లు లెక్కకట్టేటప్పుడు కళాశాల అడిగేది అదే. స్టైపెండు ఆగితే కోల్‌కతా మండలికి అర్జీతో జతపరచవలసినది కూడా అదే.